మేకుల తోపు

“బుధవారం మీ బావను కడసారి చూసింది నువ్వే కదప్పా?”

“నేనే.”

“యాడ?”

“ఈ తోపులోనే. యంత్రం పట్టుకొని తిరుగుతా ఉన్నాడు.”

“ఎంతసేపు చూసినావు?”

“ఒక గంట ఉంటుంది.”

కేశవమూర్తి తడబడలేదు. తన అంబాసిడర్ కారు బానెట్‌కు ఆనుకొని, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ అడిగినదానికి అడిగినంతే చెప్పాడు. సాక్షుల్లో నాకు దడ పుట్టించేది ఇలాంటివాళ్ళే. తడబడేవాణ్ణి ఇంకో రెండు ప్రశ్నలు వేసి లాగొచ్చు. ఇంత నున్నగా మాట్లాడేవాణ్ణి ఎక్కడ పట్టుకోవాలో తెలియదు.

నిజం చెప్పాలంటే ఆ రోజు పొద్దుటి నుంచీ నాకు భయంగానే ఉంది. డిటెక్టివ్ అంటే గుండెలు తీసిన బంటు అనుకొని జనం హోసూరులో నా గది మెట్లెక్కుతారు. నేనూ కాదనను, పొట్ట గడవాలి కదా. కానీ వాసవాంబగారు చేతిగాజులు తిప్పుకుంటూ నా ఎదుట కూర్చొని ఫోన్లో విన్న మాటలు చెప్పినప్పుడు ఈ పని ఒప్పుకోకుంటే బాగుండుననిపించింది.

ఆమె భర్త అనంతయ్యగారిది కృష్ణగిరిలో ఇత్తడి పాత్రల అంగడి. మనిషి మెతక, పిచ్చి మాత్రం ఒకటుంది. సింగపూరు చుట్టం తెచ్చిచ్చిన లోహం పసిగట్టే యంత్రంతో ఆదివారాలు గుట్టల్లో, పాత కోట గోడల కింద కాసులు వెతుక్కునేవాడు. బుధవారం ఇంటికి రాలేదు. మర్నాడు ఫోను వచ్చింది. ఆమె ఎరగని గొంతు.

“నీ మొగుడు మా అమ్మవారి విగ్రహం ఎత్తుకొచ్చి మీ మామిడి తోపులో పూడ్చినాడు. ఏ చెట్టు కింద అంటే నోరు విప్పడంలేదు. శనివారం దీపాలు పెట్టేలోగా నువ్వు వెతికి పెట్టు, మొగుణ్ణి పంపిస్తాం. పోలీసులకు చెప్తే వాణ్ణి మరిచిపో.”

ఆ రోజు శనివారం. సామల్పట్టి దారిలో, మెయిన్ రోడ్డుకు రెండు మైళ్ళు లోపల, ఆ తోపులో మేం నలుగురం ఉన్నాం. నేను, వాసవాంబగారు, ఆమె తమ్ముడు ఈ కేశవమూర్తి, ఆ తమ్ముడు నా మీద నమ్మకం చాలక పిలిపించుకున్న గుర్రప్ప. గుర్రప్ప పట్టాళంలో హవల్దారుగా చేసి వచ్చి కృష్ణగిరిలో సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టాడు. నన్ను చూసినప్పుడల్లా మీసం సర్దుకుంటాడు.

“ఆ గంటలో యంత్రం కూసిందా?” అని అడిగాను.

“ఒక్కసారి కూడా కూయలే. అందుకే చెప్తా ఉండాను రామచంద్రప్పా, పని సులభం. పెద్ద పళ్ళెం బిగించి తోపంతా తిప్పండి. ఒక్క తావులోనే కూస్తుంది. ఆడ తవ్వండి.”

“బుధవారం కూడా పెద్దదే ఉండిందా?”

“పెద్దదే. నా కళ్ళారా చూసినాను.”

పళ్ళెం అని వాళ్ళింట్లో అనేది కాయిలును. యంత్రమంటే పొడుగాటి కడ్డీ, దాని పైకొసన మీటరు డబ్బా, కింది కొసన నేలకు ఆనించి తిప్పే ఈ గుండ్రటి కాయిలు. లోపల రాగితీగ చుట్ట, పైన ప్లాస్టిక్ తొడుగు. బావ తోపులో వదిలేసి పోయాడని కేశవమూర్తి తెచ్చిచ్చిన పెట్టెలో రెండున్నాయి. ఒకటి దోసె పెనమంత, ఇంకొకటి కాఫీ సాసరంత.

గుర్రప్ప పెద్దది అందుకున్నాడు. “రెండడుగుల లోతు చూస్తుంది. ఇంక మాటలెందుకు?”

“చిన్నది పెడదామన్నా,” అన్నాను.

“అది నాలుగంగుళాలు దాటి చూడదప్పా. దాంతో ఈ తోపు గాలిస్తే వచ్చే శనివారం అవుతుంది.”

“పెద్దది లోతు చూస్తుంది, కాదనలేదు. కానీ తన కింద ఉండేదంతా ఒకేసారి చూస్తుంది. చెత్త ఉండే నేలలో అదే తంటా. నాలుగు ఇనుప ముక్కల నడుమ ఒక కంచు వస్తువు ఉందనుకో, అయిదూ కలిపి ఒకే గోల చేస్తుంది. చిన్నదైతే ఒక్కొక్క దాన్ని విడదీసి చెప్తుంది.”

“చెత్త యాడుందప్పా ఈడ? మామిడాకులా?” గుర్రప్ప నవ్వాడు. “నేను సరిహద్దులో మందుపాతరలు వెతికేటప్పుడు నీకు మీసాలు మొలిచినాయా?”

“మొలవలేదన్నా. కానీ సరిహద్దులో మామిడి చెట్లకు మేకులు కొట్టరు.”

“మేకులా?”

ఆ మాట అన్నది గుర్రప్ప కాదు, కేశవమూర్తి. మెడ తుడుచుకుంటున్న చెయ్యి ఆగింది. అది చూశాను గానీ, గుర్రప్ప మీద నెగ్గాలనే ఆత్రంలో దాన్ని పట్టించుకోలేదు. వాదనలో గెలిచేటప్పుడు నాకు కళ్ళు సరిగ్గా కనిపించవు.

“మాది బాగలూరు పక్క సేద్యం చేసే ఇల్లు,” అన్నాను. “కాపు పట్టని చెట్టుకు మా అవ్వ మేకు కొట్టించేది. ఈ ఏడు కాయకపోతే నరికి పొయ్యిలో పెడతానని చెట్టును తిట్టి మరీ కొట్టించేది. బెదిరిస్తే కాస్తుందని సేద్యగాళ్ళ నమ్మకం. అనంతయ్యగారు కొనకముందు ఈ తోపు మూడు తరాలు రైతుల చేతిలో ఉండింది. చచ్చిన చెట్లు కట్టెలకు పోయినాయి. మొద్దులు చీకి మన్నయిపోయినాయి. మేకులు యాడికి పోతాయి?”

“కతలు బాగా చెప్తావు,” అంటూ గుర్రప్ప పెద్దది బిగించి మీట నొక్కాడు.

మొదటి అడుగులోనే యంత్రం అరిచింది. రెండో అడుగులో అరిచింది. పక్క చెట్టు కింద అరిచింది, దాని పక్క చెట్టు కిందా అరిచింది. గుర్రప్ప గడ్డపార తెచ్చి తవ్వాడు. తుప్పు పట్టిన మేకు. ఇంకోచోట తవ్వితే రెండు మేకులు, గుర్రపు నాడా ముక్క. చొక్కా తడిసిపోయింది, మీసం వాలిపోయింది. వాసవాంబగారు చాప మీద నుంచి లేచి నిలబడి, “ఇట్లయితే ఎట్లప్పా, పొద్దు పోతా ఉంది,” అన్నారు.

యంత్రం నా చేతికి వచ్చింది. చిన్న కాయిలు బిగించాను. హోసూరులో ఒక ఫ్యాక్టరీకి సెక్యూరిటీ ఆఫీసరుగా ఉన్నప్పుడు స్క్రాపు యార్డులో దొంగలు దాచిన మిషన్ల ఇత్తడి బుష్‌లను ఇలాంటి యంత్రంతోనే బయటికి తీశాను. ఇనుము మీద చిన్న కాయిలు గరగరమని తెగిపోతూ మోగుతుంది. ఇత్తడి, కంచు, రాగి మీద తెంపు లేకుండా సన్నగా పాడుతుంది. ఆ తేడా ఒకసారి చెవిన పడితే మరిచిపోలేం. గరగరలను వదిలేస్తూ, ఒక్కొక్క చెట్టు చుట్టూ తిరుగుతూ పోయాను. గర్వంగానే ఉంది, దాచను.

ఎండ నడినెత్తికి వచ్చాక వాసవాంబగారు అన్నం మూట విప్పారు. గుర్రప్పకూ నాకూ ఆకుల్లో పెరుగన్నం పెట్టారు.

“మీ తమ్ముణ్ణి పిలవండమ్మా,” అన్నాను.

“వాడు తినడప్పా. మా ఆయనకు శనివారం ఉప్పులేని ఒక్కపొద్దు. పెండ్లయినప్పటి నుంచి ఒక్క వారం తప్పలేదు. బావ ఇంటికి వచ్చేదాకా ఆ వ్రతం నేను పడతానక్కా అన్నాడు వీడు. పొద్దున్నే ఉప్పు వెయ్యకుండా వండి క్యారియర్‌లో కట్టిచ్చినాను. యాడనో కూర్చొని తిని, ఖాళీ క్యారియర్ కార్లో పెట్టుకొని వచ్చినాడు. ఇంక రేపటిదాకా పచ్చి మంచినీళ్ళే.” ఆమె కళ్ళు తుడుచుకున్నారు. “తోడబుట్టినవాడంటే అట్ల ఉండాల.”

నేను కారు వైపు చూశాను. కేశవమూర్తి వెనక సీట్లో కాళ్ళు బయటపెట్టి కూర్చొని పచ్చి మామిడికాయ కోస్తున్నాడు. ఒళ్ళో కాగితం పొట్లం. ముక్క తీసి పొట్లంలో అద్ది నోట్లో వేసుకున్నాడు. నీళ్ళ చెంబు కోసం అన్నట్టు లేచి అటు నడిచాను. పొట్లంలో ఉప్పూ కారం. దోవలో రోడ్డు పక్క మామిడికాయలమ్మే ముసలమ్మ దగ్గర కట్టించుకున్నది.

“తింటావా రామచంద్రప్పా?” అని ముక్క చాపాడు.

తీసుకున్నాను. తీసుకోకపోతే బాగుండదని తీసుకున్నాను.

వ్రతం చేసేవాడు ఉప్పు ముట్టడు. అయితే పొద్దున ఆ ఉప్పులేని అన్నం తిన్నది ఎవరు?

చెంబెత్తి నీళ్ళు తాగుతూ మొహం దాచుకున్నాను. తోచిన మొదటి మాట సంతోషమైనదే. అనంతయ్యగారు బతికే ఉన్నారు, ఈ పొద్దున భార్య చేతి వంట తిన్నారు. రెండోది తోచేసరికి చెంబు పంటికి తగిలి మోగింది. కేశవమూర్తి పెద్ద పళ్ళెం పెట్టమన్నాడు. బుధవారం గంటసేపు యంత్రం ఒక్కసారీ కూయలేదన్నాడు. ఇప్పుడే చూశాం కదా, దోసె పెనమంత కాయిలు ఈ నేల మీద రెండడుగులు మౌనంగా ఉండలేదు. అంటే ఇతను ఇక్కడ ఏ యంత్రాన్నీ వినలేదు. ఎవరో చెప్పిన మాటను తాను చూసినట్టు మాకు అప్పజెప్పాడు.

చెప్పింది ఎవరు? యంత్రం ఏ నేల మీద ఎలా కూస్తుందో ఆ ఇంట్లో బాగా తెలిసింది ఒక్కరికే. మేకుల నేల మీద పెద్ద కాయిలు పనికిరాదని అనంతయ్యగారికి బాగా తెలుసు. తెలుసు కాబట్టే, ఏ గుట్టలోనో దొరికిన విగ్రహాన్ని బావమరిది కంట పడకుండా ఇక్కడ పూడ్చాడు. కట్టేసి అడుగుతుంటే, ‘పెద్దది బిగించు, ఒక్కచోటే కూస్తుంది’ అని అబద్ధం చెప్పాడు. ఆ మెతక మనిషి చేతిలో మిగిలిన అడ్డం అదొక్కటే. విగ్రహం దొరకనంతకాలం ఆయన ప్రాణానికి విలువుంటుంది. దొరికిందా, తనను కట్టేసింది సొంత బావమరిది అని తెలిసిన మనిషిని ఆ బావమరిది ఇంటికి పంపిస్తాడా?

ఆ అడ్డాన్ని పొద్దుటి నుంచీ గొప్పలు చెప్పుకుంటూ తీసేస్తున్నది నేను.

“తిన్నది చాలు, ఇంక కానియ్యండి,” అని కేశవమూర్తి చేతులు దులుపుకొని వచ్చాడు. ఈసారి కారు దగ్గర నిలబడలేదు. నా వెనకే, నా నీడ తొక్కేంత దగ్గరగా నడిచాడు.

యంత్రం పట్టుకోక తప్పలేదు. నేలకు కొంచెం ఎత్తుగా, వేగంగా తిప్పుకుంటూ పోయాను, వినిపించినా సరిగ్గా వినిపించకూడదని. నాలుగు చెట్లు దాటాను. దేవుళ్ళకు మొక్కుకున్నాను, దొరకకూడదని. వెతకడానికి వచ్చిన డిటెక్టివ్ అలా మొక్కుకోవడం ఎక్కడైనా ఉందా?

అయిదో చెట్టు వేరు దగ్గర అది పాడింది.

సన్నగా, తెంపు లేకుండా. ఒక్క క్షణమే. చెయ్యి దానంతటదే పక్కకు జరిపింది. కానీ నా కాళ్ళు ఆగిపోయాయి.

“ఏమిది?” అన్నాడు కేశవమూర్తి.

“మేకు.”

“వేరేగా కూసిందే?”

“కొత్త మేకు. తుప్పు పట్టనిది అట్లే కూస్తుంది.”

నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. నేను నవ్వడానికి చూశాను. పెదాలు అంటుకుపోయాయి. ఇంకో రెండు చెట్లు తిరిగి, యంత్రం గుర్రప్ప చేతిలో పెట్టాను.

“నీ మాటే నిజమన్నా. చిన్నదాంతో కాదు. పెద్దది బిగించు.”

గుర్రప్ప కళ్ళు చిన్నవి చేశాడు. “పొద్దున్న నాకు పాఠం చెప్పినావే?”

“తప్పు చెప్పినాను.”

“నోటితో ఇంకోసారి చెప్పు.”

“తప్పు చెప్పినానన్నా. నీ అనుభవం ముందు నేనెంత?”

మీసం మళ్ళీ పైకి లేచింది. పెద్ద కాయిలు బిగించి, తోపు మొదటి నుంచి మొదలుపెట్టాడు. అయిదో చెట్టు మీదుగా పోతే గరగరలన్నీ కలిసి సంతలో గోలలాగా మోగాయి. విగ్రహం ఆ గోలలో మునిగిపోయింది. నాకు అప్పుడు ఊపిరి వచ్చింది. ఇలా పొద్దు గుంకేదాకా సాగదీస్తే గడువు పెంచుకోక కేశవమూర్తికి తప్పదు. రాత్రికైనా బావ దగ్గరికి పోవాలి. అతని వెంటపడితే చోటు తెలుస్తుంది. గుర్రప్ప చెవిలో సంగతి వెయ్యడానికి ఒక్క నిమిషం దొరికితే చాలు.

దొరకలేదు. కేశవమూర్తి నా పక్క నుంచి కదల్లేదు. ఇంతలో వాసవాంబగారు లేచి వచ్చి గుర్రప్ప చేతిలో యంత్రం లాక్కున్నారు.

“అమ్మా, మీకెందుకు ఈ పని?” అన్నాను.

“ఆయన బిగిస్తా ఉంటే వారం వారం చూసినదాన్ని.” మర తిప్పి పెద్ద కాయిలు విప్పి కింద పడేశారు. చిన్నది బిగించారు. “ఆయన ఈ తోపుకు చిన్నదే తెచ్చేవాడు. నీ మాట నమ్మి ఊరుకున్నాను.”

“ఆ చెట్టు దగ్గర నేను చూసినానమ్మా. మేకే.”

“నువ్వు ఆడ నిలిచిపోయినావు. నీ మొగం చూసినాను నేను. మేకును చూసి ఎవరన్నా అట్ల బెదరతారా?” ఆమె యంత్రం ఎత్తి పట్టుకున్నారు. “నువ్వు ఏమి అనుకుంటా ఉండావో నాకు తెలియదు. అది నువ్వు దాచుకోవాలనుకుంటే దాచుకో. నాకు నా మొగుడు కావాల.”

ఆమె నేరుగా అయిదో చెట్టు దగ్గరికి నడిచారు. నేను అడ్డం పోయి ఏమని చెప్పాలి? తమ్ముడు మూడడుగుల దూరంలో ఉన్నాడు. నాకు తెలిసిందని అతనికి తెలిస్తే, ఇక్కణ్ణుంచి పోయి చేసే మొదటి పని ఏమిటో ఊహించలేని అమాయకుణ్ణి కాను.

యంత్రం పాడింది. ఆమె ఆపలేదు. అక్కడే అటూ ఇటూ తిప్పుతూ దాన్ని పాడించారు. తర్వాత యంత్రం వదిలేసి మోకాళ్ళ మీద కూర్చొని చేతులతో తవ్వడం మొదలుపెట్టారు. గుర్రప్ప గడ్డపార తెస్తే అవతలికి తోసేశారు. గోరు చీరి నెత్తురు వచ్చినా చూసుకోలేదు. బెత్తెడు లోతులో అనంతయ్యగారి అంగవస్త్రం బయటపడింది. అందులో చుట్టి ఉంది, పాత కంచు అమ్మవారు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకున్నారు.

“కేశవా! దొరికిందిరా! మీ బావ వస్తాడురా!”

నవ్వుతూ ఏడుస్తున్నారు. అంత సంతోషం నేను ఏ మనిషి మొహంలోనూ చూడలేదు.

కేశవమూర్తి విగ్రహాన్ని అందుకొని, మట్టి తుడిచి, అడుగు భాగం తిప్పి చూసుకున్నాడు. అదేదో సరుకు సరిచూసుకున్నట్టుంది. తర్వాత అక్క కాళ్ళకు దండం పెట్టాడు.

“నేను పోయి ఫోను చేస్తానక్కా. ఒంటరిగా రమ్మన్నారు కదా, ఇచ్చేసి బావను పిలుచుకొని వస్తాను.”

“ఒంటరిగా రమ్మని ఫోన్లో ఎవరూ అనలేదే,” అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

అతను నా వైపు తిరిగాడు. అప్పుడు అతనికి తెలిసిపోయింది. నాకు తెలిసిందని అతనికి తెలిసిపోయింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

“అంటారు కదప్పా. ఇట్లాంటివాళ్ళు ఎప్పుడూ అంతే అంటారు.”

కారు తలుపు తీసి కూర్చొని, విగ్రహం పక్క సీట్లో పెట్టుకున్నాడు. నేను పరుగున పోయి కిటికీ పట్టుకున్నాను.

“నేనూ వస్తాను.”

“వద్దప్పా.”

“వెనక సీట్లో పండుకొని వస్తాను. తియ్యి తలుపు.”

ఇంజను మోగింది. మేమందరం వచ్చింది ఆ ఒక్క కార్లోనే. గుర్రప్ప నడుము మీద చేతులు పెట్టుకొని నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. “గుర్రప్పన్నా, కారు ముందుకు రా! వదలొద్దు వీణ్ణి!” అని అరిచాను.

అతను కదిలేలోగా వాసవాంబగారు నా మీద పడ్డారు. కిటికీ పట్టుకున్న నా చేతిని తన నెత్తురు గోళ్ళతో రక్కారు. ఒక్కొక్క వేలునూ పట్టి విడదీశారు.

“వదలప్పా! ఆలస్యం చెయ్యొద్దు! వాళ్ళు ఆయన్ని ఏమన్నా చేస్తారు!”

“అమ్మా, మీరు ఒక్క మాట వినండి...”

“నీ మాటలు విని సగం పొద్దు పోగొట్టుకున్నాను. నువ్వు పో కేశవా, పో!”

నా చెయ్యి జారిపోయింది. కారు మేకుల గుంటలు తప్పించుకుంటూ తోపు దాటి మట్టి దోవ పట్టింది. గుర్రప్ప రెండడుగులు వేసి ఆగిపోయాడు. దుమ్ములో ఏమీ కనిపించలేదు.

వాసవాంబగారు చెట్టుకు ఆనుకొని కూర్చున్నారు. దారం తెగిన గాలిపటంలా ఒళ్ళంతా సడలిపోయింది. మూడు రోజుల తర్వాత ఆమె కాళ్ళు చాపుకోవడం అదే మొదటిసారి. నా వైపు చూసి, రక్కినందుకు సిగ్గుపడుతూ చిన్నగా నవ్వారు.

“కోపం పెట్టుకోవద్దప్పా. మా తమ్ముడు పోయినాడు కదా, ఇంక నాకు భయం లేదు.”

నేను రోడ్డు వైపు పరుగెత్తాను.